ఏ పేరుతో పిలవమంటారు?

ఆఫీసులో పక్కదేశాల వాళ్ళ సంస్కృతి తెలుసుకోవడం అనగానే మనవాళ్ళకి పండగలూ, పాట్‌లక్‌లో తెచ్చే వంటలూ గుర్తొస్తాయి. వాటికంటే ముందొచ్చేది ఒకటుంది, పేరు. ఇవాళ దాని గురించే నాలుగు మాటలు.

ఇక్కడ ఉత్తర వర్జీనియాలో నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో వియత్నాం వాళ్ళు ముగ్గురుండేవారు. ముగ్గురూ న్గుయెన్‌లే. రాత్రి డ్యూటీ లిస్టులో ఎవరో ఉత్త "న్గుయెన్" అని రాసి ఊరుకున్నారు. రాత్రి రెండింటికి సర్వర్ పడిపోతే ఫోను వెళ్ళింది డ్యూటీ లేని ఆవిడకి. చంటిబిడ్డని అప్పుడే నిద్రపుచ్చిందట పాపం. డ్యూటీలో ఉన్నాయన హాయిగా పడుకున్నాడు.

వియత్నాంలో ఇంచుమించు మూడోవంతు జనం ఇంటిపేరు న్గుయెనే. మనలాగే ఇంటిపేరు ముందు, సొంతపేరు చివర. ఎంత గౌరవంగా పిలిచినా సొంతపేరుతోనే పిలుస్తారు. 1954లో దియెన్ బియెన్ ఫూ దగ్గర ఫ్రెంచివాళ్ళని ఓడించిన వో న్గుయెన్ గియాప్‌ని లోకమంతా జనరల్ గియాప్ అనే అంది కదా, అదీ లెక్క.

ఇథియోపియా వాళ్ళ పద్ధతి ఇంకా వేరు. ఈ చుట్టుపక్కల వాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో సాధారణంగా ఇంటిపేరే ఉండదు. సొంతపేరు, తరవాత తండ్రి పేరు, కావాలంటే ఆపైన తాతగారి పేరు. 2019లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్న అబియ్ అహ్మద్ పేరులో అహ్మద్ అంటే వాళ్ళ నాన్నగారు. "మిస్టర్ అహ్మద్" అంటే నాన్నగారిని పిలిచినట్టే. పెళ్ళయినా ఆడవాళ్ళ పేరు మారదు. అంచేత భార్య, భర్త, పిల్లలు ముగ్గురికీ చివరి పేర్లు వేరువేరు. మా సహోద్యోగి ఒకావిడ కూతుర్ని తీసుకురావడానికి స్కూలుకి వెళ్తే, "ఈ పాప మీ పాపేనా?" అని కాగితాలడిగారట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆవిడ నవ్వలేదు.

అరబ్బు పేర్లలో "అబ్దుల్" అంటే "ఫలానావారి దాసుడు". ఆ ఫలానా ఎవరన్నది తరవాతి మాటలో ఉంటుంది, అది దేవుడి పేరు. అబ్దుల్ రహ్మాన్‌ని అబ్దుల్ అంటే మాట సగంలో ఆపేసినట్టు. మనం రామదాసుని దాసూ అని ముద్దుగా పిలుస్తాం గానీ అందరికీ అది ముద్దు కాదు. ఇక 1961 నుంచి 1971 దాకా ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా ఉన్న బర్మా ఆయన ఊ థాంట్. ఆయన పేరు థాంట్ ఒక్కటే. "ఊ" అంటే మన "గారు" లాంటిది. కొరియాలోనైతే పై ఉద్యోగిని పేరుపెట్టి పిలవరు, హోదాకి "నిమ్" చేర్చి పిలుస్తారు. అక్కణ్ణించి కొత్తగా వచ్చినవాళ్ళు మేనేజరుని ఏమీ అనకుండా దగ్గరికొచ్చి నిలబడితే, అది బెరుకు అనుకోకండి.

నిజానికి ఇవన్నీ మనకి తొందరగా అర్థం కావాలి. ఊళ్ళో ఇనిషియల్‌గా ముందుండే ఇంటిపేరు ఇక్కడికి రాగానే వెనక్కి పోయింది. పాస్‌పోర్టులో ఒకటే పేరున్నవాళ్ళకి వీసా మీద మొదటి పేరు చోట "ఎఫ్‌ఎన్‌యూ" అని పడుతుంది. మొదటి పేరు తెలియదని దానర్థం. అదే పేరనుకుని పిలిపించుకున్నవాళ్ళు మనలోనే ఉన్నారు.

కొత్తవాళ్ళు టీములోకి వస్తే "పొట్టి పేరేమైనా ఉందా?" అనడక్కండి. పలకడం కష్టమని ముందే చెప్పేసినట్టుంటుంది. "మిమ్మల్ని ఏ పేరుతో పిలవమంటారు?" అని అడగండి. వాళ్ళు చెప్పింది ఒకసారి తిరిగి పలికి చూపించండి. తప్పయితే వాళ్ళే దిద్దుతారు. తరవాత తీరిగ్గా ఆ పేరుకి అర్థమేమిటో, ఎవరు పెట్టారో అడగొచ్చు. మీ ఇంటిపేరు ఏ ఊరిదో వాళ్ళూ అడుగుతారు, కాస్త కనుక్కుని ఉంచుకోండి.

వచ్చేవారం మళ్ళీ కలుద్దాం. సెలవు.