దుకాణం కొనేవారు ఎక్కడ ఉంటారు?

నెల్లూరు నుండి ముంబయి రహదారి వెంట బుచ్చిరెడ్డిపాళెం దాటి సాగితే పెన్నా తీరాన సంగం వస్తుంది. 2022 సెప్టెంబరు 6న ఇక్కడి కొత్త బ్యారేజీ ప్రారంభమైంది. దానిపై వంతెన ఉన్నందున ఆవలి ఒడ్డునున్న పొదలకూరు వైపు గ్రామాలకు దారి దగ్గరయింది. ఇటువంటి మార్పు వచ్చిన ప్రతిచోటా రోడ్డువార స్థలాల యజమానులు ధరలు పెంచుతారు, మూసిన షట్టర్లపై 'అమ్మబడును' అనే అక్షరాలు వెలుస్తాయి, బేరం మాత్రం నెలల తరబడి కుదరదు. ఆ బేరాలు కుదిర్చేందుకు తిరిగే యువకులలో మన ఇళ్ల పిల్లలూ ఉంటారు కనుక ఈ వృత్తిని గురించి కొంత మాట్లాడుకుందాం.

'దళారీ' అన్న మాట నేడు నిందగా వినిపిస్తున్నది. దానికి మూలమైన అరబీ పదం 'దల్లాల్'కు దారి చూపేవాడు అన్న భావం ఉంది. ఇమామ్ బుఖారీ (రహ్మ) తమ హదీసు సంకలనంలో మధ్యవర్తి ప్రతిఫలానికి ఒక అధ్యాయమే కేటాయించి, ఇబ్నె సీరీన్, అతా, హసన్ వంటి పెద్దలు అందులో దోషం చూడలేదని పేర్కొన్నారు.

కొనేవారిని ఎక్కడ వెదకాలి? చాలామంది ఏజెంట్లు ఫోనులో ఫొటోలు పెట్టి దూరపు ధనికుని కోసం ఎదురుచూస్తారు. మా దృష్టిలో మొదట తట్టవలసింది పక్క షట్టరునే. అందులో ఎరువులు అమ్ముకునే వ్యాపారికి గోదాము చాలకపోవచ్చు. అదే దుకాణంలో ఏళ్లుగా అద్దెకున్నవానికి ఖాళీ చేయవలసి వస్తుందన్న భయం ఉండవచ్చు. హజ్రత్ అబూ రాఫె (రజి) తమ రెండు ఇళ్లను పొరుగువారైన హజ్రత్ సఅద్ (రజి)కు నాలుగు వేల దిర్హములకు, అదీ వాయిదాల మీద, ఇచ్చివేశారు. బయటివారు అయిదు వందల దీనార్లు ఇస్తామన్నా, పొరుగువాని హక్కు గురించి దైవప్రవక్త (స) చెప్పిన మాట విని ఉన్నందువల్లనే అలా చేశానని ఆయన స్పష్టం చేశారు.

పొరుగువారు వద్దన్న తరువాతే బయటివారి వంతు. వారితో లెక్క తేటగా ఉండాలి. నెల్లూరు సీమలో అంకణమంటే 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36. 'ఇరవై అంకణాలు' అన్నప్పుడు తిరుపతి నుండి వచ్చినవాడు సగం స్థలాన్నే ఊహించుకుంటాడు. గజాల్లో 160 అని చెబితే చిక్కే లేదు. ధర విషయమూ అంతే. నెలకు 12,000 అద్దె వచ్చే దుకాణానికి యజమాని 36 లక్షలు కోరితే, ఆ సొమ్ము అద్దె రూపంలో తిరిగి రావడానికి 25 ఏళ్లు పడుతుంది. ఈ లెక్కను కొనేవానికంటే ముందు అమ్మేవానికి చూపించాలి. బేరం కుదరకపోవడానికి తరచు అసలు కారణం ఇదే.

లోపాలను దాచరాదు. ఈసీ తీసుకోవాలి, రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఎ నిషేధ జాబితాను చూడాలి. వక్ఫ్ స్థలమైతే అక్కడితో ఆగిపోవాలి, దాన్ని అమ్మడం చెల్లదు. రోడ్డు విస్తరణలో ముందుభాగం పోయే అవకాశముంటే కొలిచి చూపాలి. కొత్త లేఅవుట్లు, సముదాయాలలో రెరా కింద నమోదైన ప్రాజెక్టుల స్థలాలు అమ్మిపెట్టే ఏజెంటు కూడా 2016 నాటి ఆ చట్టం కింద నమోదై ఉండాలి. ఇక స్నేహితునితో ఫోను చేయించి 'ఇంకొకరు రెండు లక్షలు ఎక్కువ ఇస్తామంటున్నారు' అనిపించడం హదీసులు నిషేధించిన 'నజష్' తప్ప మరొకటి కాదు.

మిగిలింది కమీషను. యజమాని ఒక ధర చెప్పి 'పైన వచ్చింది నీదే' అనడం మన ప్రాంతంలో మామూలే. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) అటువంటి ఒప్పందాన్ని తప్పుపట్టలేదు. ప్రతిఫలం ఎంతో తేలదు కనుక కూడదన్న ధర్మవేత్తలూ ఉన్నారు. మేము రెండవ పక్షాన్నే ఇష్టపడతాం. ఎవరి వద్ద ఎంత తీసుకునేదీ తొలిరోజే ఇరువురికీ చెప్పి కాగితంపై రాసుకోవడం మేలు. లేదంటే కొన్నవాడు ఏదో ఒకనాడు టీ అంగట్లో యజమాని నోటనే అసలు ధర వింటాడు. ఆ కబురు వంతెన దాటి పొదలకూరు చేరడానికి ఒక్క పూట చాలు.