తెర మీద క్షిపణి... తీరాన విశాఖ

అణుదాడి ముంచుకొస్తే ఏం జరుగుతుందో ఉన్నదున్నట్టు చూపే సినిమాలు వచ్చినప్పుడల్లా జనం ఉలిక్కిపడ్డారు. నౌకాదళం, రేవు, ఉక్కు కర్మాగారం ఉన్న విశాఖకు ఆ కథలు మరీ దూరమేం కావు.

• ముగింపేదీ?: 2025 అక్టోబరు 24న నెట్‌ఫ్లిక్స్‌లోకి వచ్చిన ‘ఎ హౌస్ ఆఫ్ డైనమైట్’లో ఎవరు వదిలారో తెలియని క్షిపణి షికాగో వైపు దూసుకొస్తుంది. ఇరవై నిమిషాలైనా లేని ఆ వ్యవధినే దర్శకురాలు క్యాథ్రిన్ బిగెలో మూడుసార్లు, మూడు చోట్ల నుంచి చూపించారు. చివరికి అది పేలిందో లేదో చెప్పలేదు. కొందరు ప్రేక్షకులు విసుక్కున్నారు. జవాబు లేకపోవడమే అసలు భయమని ఇంకొందరు మెచ్చుకున్నారు.

• పెంటగాన్ అలక: ఎదురెళ్లే క్షిపణి గురి తగిలే అవకాశం 61 శాతమేనని ఆ సినిమాలో వినిపిస్తుంది. అమెరికా రక్షణ శాఖ పెంటగాన్‌లోని క్షిపణి రక్షణ సంస్థకు ఇది రుచించలేదు. దశాబ్దానికి పైగా తమ పరీక్షలు నూరు శాతం ఫలించాయని అంతర్గత పత్రంలో రాసుకుంది.

• డైరీకెక్కిన దిగులు: 1983 నవంబరు 20న ఏబీసీ టీవీలో ‘ది డే ఆఫ్టర్’ను సుమారు 10 కోట్ల మంది చూశారు. అంతకు ముందే చూసిన అమెరికా అధ్యక్షుడు రీగన్, అది తనను బాగా కుంగదీసిందని డైరీలో రాసుకున్నారు. నాలుగేళ్ల తర్వాత సోవియట్ నేత గోర్బచేవ్‌తో కలిసి మధ్యశ్రేణి అణు క్షిపణుల రద్దు ఒప్పందంపై సంతకం చేశారు.

• అక్కడా ఉక్కు నగరమే: 1984లో బీబీసీ తీసిన ‘థ్రెడ్స్’లో బాంబు దెబ్బకు కూలేది షెఫీల్డ్. బ్రిటన్‌లో ఉక్కుకు పేరుపడ్డ ఊరది. పరిశ్రమలు, సైనిక స్థావరాలు ఉన్నచోటే శత్రువు గురి పెడతాడన్నది ఆ కథకు ఆధారం.

• విశాఖలో పుట్టిన నిఘా నౌక: ఇలాంటి కొన్ని సినిమాల్లో కథ రాడార్ తెర దగ్గర మొదలవుతుంది. మన దేశంలో దూరశ్రేణి క్షిపణుల జాడ పట్టే ‘ఐఎన్‌ఎస్ ధ్రువ్’ను కట్టింది విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డే. 2021 సెప్టెంబరు 10న అది విధుల్లో చేరింది.

• ముందు కొట్టం: అణ్వాయుధాన్ని మొదట ప్రయోగించబోమన్నది 2003లో భారత్ ప్రకటించిన విధానం. అంటే దెబ్బతిన్నాక కూడా బదులిచ్చే శక్తి మిగలాలి. అందుకే సముద్రగర్భంలో దాగే అణు జలాంతర్గాములు కావాలి. స్వదేశంలో కట్టిన వాటిలో మొదటిదైన ‘అరిహంత్’ 2009 జులై 26న విశాఖలోనే జలప్రవేశం చేసింది.

• ఘాజీ ఎలా మునిగింది?: సంకల్ప్ రెడ్డి తీసిన ‘ఘాజీ’ (2017)లో అదే పేరున్న పాక్ జలాంతర్గామిని ముంచేది మన జలాంతర్గామి ఎస్-21. మన నౌకాదళం చెప్పే కథలో 1971 డిసెంబరు 3-4 రాత్రి విశాఖ ఎదుట దాన్ని ముంచింది యుద్ధనౌక ‘రాజ్‌పుత్’. ప్రమాదవశాత్తు మునిగిందన్నది పాకిస్థాన్ మాట.

• నిజంగానే బాంబులు పడ్డాయి: 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. విశాఖ జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు తరలిపోయారు. అప్పుడు పేలకుండా మిగిలిన బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఉంది.

• రెండు మే 7లు: 2020 మే 7 తెల్లవారుజామున విశాఖలోని ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరిన్ అనే రసాయనం ఆవిరి లీకై, నిద్రలో ఉన్న వెంకటాపురం ఉక్కిరిబిక్కిరైంది. సరిగ్గా అయిదేళ్లకు, 2025 మే 7న, దేశవ్యాప్త ‘ఆపరేషన్ అభ్యాస్’లో భాగంగా విశాఖలో పౌర రక్షణ విన్యాసాలు జరిగాయి.

• గుర్తుంచుకోండి: సైరన్ హెచ్చుతగ్గులుగా మోగితే ప్రమాదం వస్తున్నట్టు. ఒకే స్థాయిలో సాగితే ప్రమాదం తప్పినట్టు. అణు పేలుడు తర్వాత రాలే అణుధూళి రేడియేషన్ తీవ్రత 7 గంటల్లో సుమారు పదో వంతుకు, 49 గంటల్లో నూరో వంతుకు పడిపోతుంది. కాబట్టి పరుగులు తీయకుండా పక్కా భవనం లోపలి గదుల్లో ఉండటమే మేలు. సినిమా చూసి భయపడితే పడ్డారు గానీ, ఈ నాలుగు ముక్కలూ ఇంట్లో అందరికీ చెప్పండి.