అంటుకోవడానికి ఎండ కావాలి

మినియాపోలిస్‌లో నవంబరు దాటాక ఇంటి కప్పుల పని తగ్గుతుంది కానీ ఆగిపోదు. వడగళ్లకు కప్పు దెబ్బతిని, బీమా డబ్బు ఆలస్యంగా అందినవాళ్లుంటారు. కారే కప్పు వేసవి దాకా ఓపిక పట్టదు. అక్కడ ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలకూ ఈ బెడద ఉన్నదే.

అమెరికా, కెనడాల్లో ఎక్కువ ఇళ్ల మీద కనిపించేవి తారు షింగిల్స్. ఫైబర్‌గ్లాస్ పొరకు తారు పట్టించి, పైన రాతి రవ్వ అద్దిన పలకలివి. మన పెంకు తన బరువుతోనే నిలుస్తుంది. షింగిల్‌కు ఆ బరువు లేదు. మేకులు దిగేది పలక పైభాగంలో. కింది అంచు గాలికి లేవకుండా పట్టి ఉంచేది ఫ్యాక్టరీలో పూసిన జిగురు పట్టీ. ఎండకు షింగిల్ సుమారు 21 డిగ్రీల సెల్సియస్‌కు వేడెక్కితే పట్టీ మెత్తబడి వరుసలు ఒకదానికొకటి అంటుకుంటాయి. జనవరిలో మధ్యాహ్నం కూడా సాధారణంగా సున్నా దాటని ఊళ్లో ఆ వేడి ఎక్కణ్నుంచి వస్తుంది?

అంటే డిసెంబరులో వేసిన కప్పు చూడ్డానికి పూర్తయినట్టే ఉన్నా, నిజానికి సగం పనే. ఈలోగా ఈదురుగాలి అంచులను లేపొచ్చు. పట్టీ మీద దుమ్ము చేరితే, ఎండలు వచ్చాక కూడా అది సరిగ్గా అంటుకోకపోవచ్చు.

అందుకే చాలా కంపెనీలు 4, 5 డిగ్రీల కంటే చలి ఉంటే జాగ్రత్తలు చెబుతాయి. ముఖ్యమైనది చేత్తో జిగురు పెట్టడం: ప్రతి షింగిల్ కింద రూపాయి బిళ్లంత తారు సిమెంటు చుక్కలు. ఎక్కువ పెడితే మేలనుకుంటే పొరపాటే, షింగిల్ బొబ్బలెక్కుతుంది. ఒళ్లు విరిచే పని ఇది. హడావిడి కాంట్రాక్టరు మొదట ఎగ్గొట్టేదీ ఇదే.

చలికి షింగిల్ పెళుసెక్కుతుంది. కొప్పు దగ్గర వంచబోతే పగులుతుంది. అందుకే కట్టలను వెచ్చని చోట ఉంచి, కొన్ని కొన్నిగా పైకి తెస్తారు. నెయిల్ గన్ ఒత్తిడి ఎక్కువైతే మేకు తల పలకను చీల్చుకుని లోపలికి పోతుంది. షింగిల్స్ పరిచే చెక్క మీద మంచు పేరుకుంటే పని ఆపడమే మంచిది. కాలు జారే ప్రమాదం సరేసరి, తడి చెక్కకు ఏదీ అంటదు.

చూరు కథ వేరు. ఇంటి వేడికి కప్పు మీది మంచు కరిగి, చల్లని చూరు దగ్గర మళ్లీ గడ్డకట్టి ఆనకట్టలా నిలుస్తుంది. వెనక చేరిన నీరు షింగిల్స్ కిందికి పాకుతుంది. అందుకే ఇలాంటి చోట్ల చూరు అంచు నుంచి, బయటి గోడ దాటి కనీసం 24 అంగుళాలు లోపలికి నీరు దిగని పొర వేయాలని నిర్మాణ నియమం. ఆ పొర జిగురుకూ చలి పడదు.

చలికాలంలో పని చేయించుకునేవాళ్లు ఒప్పందంలో రెండు మాటలు రాయించుకోవడం మేలు: చేత్తో జిగురు పెడతారా, ఎండలు ముదిరాక ఎవరైనా నిచ్చెనెక్కి అంచులు అంటుకున్నాయో లేదో చూస్తారా అన్నవి.