మనిషి లేని బండిలో భోజనం

పొలానికి సద్ది మోసేవారికి కూలీలు ఏ చెట్టు కింద ఉన్నారో తెలుసు. మనిషి లేని బండికి ఆ సంగతి చెప్పేదెవరు? అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయం 2019 జనవరిలో ఆ పనిని సెల్‌ఫోన్ యాప్‌కు అప్పగించింది. స్టార్‌షిప్ సంస్థ అక్కడ ఆరు చక్రాల చిన్న బండ్లు 25 దించింది.

విద్యార్థి యాప్‌లో తిండి ఎంచుకుని, తానున్న చోటును పటం మీద గుర్తు పెడితే చాలు. బండి ఎందాకా వచ్చిందో ఫోనులోనే కనిపిస్తుంది. చేరగానే కబురందుతుంది. మూత తాళం ఆర్డరిచ్చినవారి ఫోనుతోనే తెరుచుకుంటుంది కనుక దారిలో మరొకరు చేయి పెట్టలేరు. మొదట్లో ఒక్కో చేరవేతకు 1.99 డాలర్లు తీసుకున్నారు.

తరగతుల నడుమ వరుసలో నిలబడే తీరిక లేక పస్తుండే పిల్లలకు ఇది ఆసరాయే. అయితే ఫోనులో చార్జింగ్ అయిపోతే, అన్నం ఎదుటే ఉన్నా అందదు. యాప్ తయారుచేసేవారు ఆ సంగతీ చూసుకోవాలి.