ఆ పిల్లలో వాడికి యేం కనిపించింది?

నాందేడులోని మన తెలుగు యిండ్లలో తరచు వినవచ్చే ప్రశ్న యిది. మేనమామ కూతురు చదువుకున్నది, చక్కనిది, కళ్ళయెదుట వుండగా అబ్బాయి వచ్చి, తనతో కాలేజీలో చదివిన మరాఠీ పిల్లను చేసుకుంటానంటాడు. తల్లి కంటతడి పెడుతుంది. తండ్రి కొన్నాళ్ళు మాట్లాడడు. నాయనమ్మ మాత్రం సూటిగా అడుగుతుంది: "ఆ పిల్లలో నీకేం కనిపించిందిరా?" అబ్బాయి నోట జవాబు రాదు. దాపరికం కాదు, నిజంగానే అతనికి తెలియదు. పాఠకులు తమ తమ సంగతి జ్ఞాపకం చేసుకొని చూస్తే, మనలో యెందరికి తెలుసునో తేలుతుంది.

మన పూర్వులు దీనికి చెప్పిన సమాధానం మన పొరుగు దేశంలోనే పుట్టింది. కిన్వట్, మాహూరు దాటితే విదర్భ. రుక్మిణి, దమయంతి యిద్దరూ ఆ దేశపు ఆడపడుచులే. యిద్దరూ వరుణ్ణి చూడకుండానే వలచారు. ఒకామె తండ్రి యింటికి వచ్చిపోయేవారి నోట కృష్ణుని గుణాలు విన్నది. మరొకామెకు హంస వచ్చి నలుని గూర్చి చెప్పింది. మనసులోకి త్రోవ ముందు చెవిలోనుంచే అన్నమాట. బాగానే వుంది. కాని ఆ హంస దారి తప్పి మరొక రాజు తోటలో వాలివుంటే దమయంతి యెవరిని వలచేది? కవులు ఆ ప్రశ్న వేయలేదు. మేము వేస్తున్నాం.

అమెరికాలో జేమ్స్ బోసార్డ్ అనే ఆచార్యుడు దాదాపు యీ ప్రశ్ననే మరొక విధంగా వేశాడు. 1931లో ఫిలడెల్ఫియా నగరంలో పెండ్లికి అనుమతి పుచ్చుకున్న 5,000 జంటల చిరునామాలు పక్కపక్కన పెట్టి చూశాడు. మూడింట ఒక జంట అయిదు వీధుల లోపలివారే! తరువాత 1968లో రాబర్ట్ జాయెన్స్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, మనిషికి ఒక వస్తువు పదేపదే కనబడితే చాలు, వేరే కారణం లేకుండానే అది నచ్చడం మొదలుపెడుతుందని పరీక్షలు చేసి చూపాడు.

యీ దృష్టితో చూస్తే నాందేడు సంగతి అర్థం చేసుకోవడం కష్టం కాదు. 1956 అక్టోబరు దాకా నాందేడు, నిజామాబాదు, ఆదిలాబాదు ఒకే హైదరాబాదు రాష్ట్రపు జిల్లాలు. నవంబరు 1న గీత గీశారు. ఆదిలాబాదు జిల్లాలోని కిన్వట్ బొంబాయి రాష్ట్రంలోకి వచ్చి నాందేడులో కలిసింది. నాందేడు జిల్లాలోని ముధోలు, భైంసా అటు ఆంధ్రప్రదేశ్‌కు పోయినవి. 1960 మే 1న మనం మహారాష్ట్రులమైనాం. పుట్టిల్లొక రాష్ట్రం, అత్తవారిల్లొక రాష్ట్రం అయినవి. ధర్మాబాదు దాటగానే బాసర వస్తుంది గనుక రాకపోకలు ఆగలేదు, లగ్గాలూ ఆగలేదు. కాని మన పిల్లల బడి మరాఠీ అయింది. పక్క బల్లమీది నేస్తం మరాఠీ, గణపతి పందిట్లో పాట మరాఠీ. యింట్లో 'లగ్గం' అన్నమాటే వీధిలో 'లగ్న'. అటువంటి పిల్లవానికి మరాఠీ పిల్ల పరాయిది యెట్లా అవుతుంది? అతనికి కొత్తగా తోచేది మనం ఫొటో తెప్పించిన కరీంనగరం సంబంధమే.

ఆ సంబంధంలో అన్నీ వున్నవి కదా, రంగు, చదువు, కుటుంబం, అంటారు తండ్రులు. అమెరికాలోనే ఈస్ట్‌విక్, ఫింకెల్ అనే యిద్దరు 2008లో ఒక పరిశోధన ప్రచురించారు. యువతీ యువకుల చేత తమకు యెటువంటివారు కావాలో ముందుగా చెప్పించి, పిమ్మట ఒక్కొక్కరితో కొద్ది నిమిషాలు మాట్లాడనిచ్చారు. తీరా నచ్చినవారికీ, ముందు చెప్పిన కోరికలకూ పొంతన కుదరలేదు. తన సొంత జాబితాయే పనిచేయని చోట తండ్రి జాబితా యేం పనిచేస్తుంది?

మరి వెనుకటి మేనరికాలు యెట్లా కుదిరినవి? బలవంతం కొంత, పొలం చీలిపోకూడదన్న ఆశ కొంత. అంతేనంటే మేము ఒప్పుకోము. మన భాష చేసిన పని చాలా వుంది. చిన్నాయన కూతురు చెల్లెలు, మేనమామ కూతురు మరదలు. రక్తం లెక్కన యిద్దరూ అంతే దూరం. కాని చెల్లెలన్నమాట చెవిన పడితే యిక మరో తలపు రాదు. మరదలన్నమాట విన్న పదేళ్ళ కుర్రవాడు పెండ్లిపందిట్లో ఆ పిల్ల యెదురైతే స్తంభం చాటుకు పోతాడు. మరాఠీవారికి మేనమామ కూతురు 'మామేబహీణ్', మేనత్త కూతురు 'ఆతేబహీణ్'. రెండింటా 'బహీణ్' అనగా అక్కచెల్లెలు వుంది. అయినా మేనమామ కూతుర్ని చేసుకోవడం వారిలో పలు కులాల్లో కద్దు. మేనత్త కూతుర్ని మాత్రం చేసుకోరు. పుణె డెక్కన్ కాలేజీ ఆచార్యులు ఇరావతీ కర్వే గారు 1953లో వెలువరించిన గ్రంథంలో యీ భేదాన్ని వివరించారు. అక్కకూతురి మాట యెత్తితే పొరుగింటి మరాఠీ అమ్మ ముక్కున వేలేసుకుంటుంది. మనలో నిన్నమొన్నటిదాకా అది మంచి సంబంధమే. ఒకే గోడకు అటూ యిటూ వున్న రెండు యిండ్లలో, ఒకే వరుస ఒకచోట పులకరింత, మరొకచోట తప్పు. (దగ్గరి రక్తపు పెండ్లికి డాక్టర్లు చెప్పే అభ్యంతరాలు వేరే వున్నవి. తలపెట్టేవారు ముందుగా వారిని అడగవలసిందే.)

మాటతోపాటు మరొకటి వుండేది. మరదలు వేరే వూళ్ళో పెరిగేది. యేడాదికి ఒకటి రెండుసార్లు, పండుగకో పెండ్లికో, బండి దిగేది. ఆ నాలుగు రోజుల కోసం బావ కాచుకునివుండేవాడు. యిప్పుడో? పల్లెలో మంచి బడి లేదని మేనగోడల్ని పసితనంలోనే తెచ్చి నాందేడులో మన యింట్లో పెంచుతున్నాం. బావా మరదళ్ళు ఒకే పళ్ళెంలో తిని, ఒకే దుప్పటి కోసం తన్నుకొని పెరుగుతారు. యిరవై యేళ్ళు నిండగానే యిద్దరికీ ముడివేద్దామంటాం. ఆ పిల్ల, "వాడు నాకు అన్నలాంటివాడత్తా" అని యేడిస్తే, వరుస తెలియని పిల్ల అని కోప్పడతాం.

ఆ పిల్లకు వరుస తెలియకపోవడం కాదు. చిన్ననాట కలసి పెరిగినవారికి పెద్దయ్యాక ఒకరిపై ఒకరికి ఆ కోరిక పుట్టదని ఫిన్లండు దేశస్థుడు వెస్టర్‌మార్క్ 1891లోనే రాశాడు. దానికి గట్టి రుజువు తైవాను ద్వీపంలో దొరికింది. అక్కడ పసిపిల్లను కోడలిగా తెచ్చుకొని కొడుకుతోపాటు పెంచే ఆచారం వుండేది. వరుస ఖాయం, పెద్దల ఆమోదం ఖాయం. ఆర్థర్ వుల్ఫ్ అనే పరిశోధకుడు అక్కడి పాత కుటుంబ రిజిస్టర్లు తిరగవేసి చూస్తే, యెదిగాక వచ్చిన కోడళ్ళ కంటె యీ జంటలకు పిల్లలు తక్కువ, విడిపోవడాలు యెక్కువ. అందులోనూ మూడేళ్ళు నిండకముందే వచ్చిన పిల్లల విషయంలో విముఖత మరీ గట్టిది.

కాలేజీ చదువుకు పదహారోయేట వచ్చిన మేనగోడలి మాట వేరు. అందుచేత మేనరికం తలపెట్టిన తండ్రులు జాతకాలు తీసేముందు ఒక చిన్న లెక్క వేసుకోవాలి. ఆ పిల్ల మన గడప తొక్కేనాటికి దాని వయస్సెంత?