పాత కట్టడాన్ని కాపాడేది ఏది? ఒకటి కూలింది, ఒకటి నిలిచింది

బాచుపల్లి, నిజాంపేట, మియాపూర్ వైపు ఎటు చూసినా కొత్త టవర్లే. ఇళ్లు కావాలి, రోడ్లు కావాలి, అందులో తప్పేం లేదు. కానీ ఆ పనులకు పాత దేవ్డీనో, దర్గానో, కబ్రస్తానో అడ్డొస్తే దాన్ని కాపాడేది ఏది? హైదరాబాద్‌లోనే జరిగిన రెండు సంగతులు చూస్తే అర్థమవుతుంది.

కూలింది సైఫాబాద్ ప్యాలెస్

ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1888లో కట్టిన భవనమిది. తర్వాత ప్రభుత్వ ఆఫీసుగా మారింది. పాత సచివాలయంలో 'జీ బ్లాక్' అంటే ఇదే. కొత్త సచివాలయం కోసం 2020 జులైలో మిగతా బ్లాకులతో పాటు దీన్నీ కూల్చేశారు. అప్పుడే ఆవరణలోని రెండు మసీదులు, ఒక గుడి కూడా దెబ్బతిన్నాయి. వాటిని ప్రభుత్వం మళ్లీ కట్టించి 2023 ఆగస్టులో తెరిచింది. ప్యాలెస్ మాత్రం ఇక ఫొటోల్లోనే.

నిలిచింది ఇర్రం మంజిల్

నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన ఈ మహల్ స్థలంలో కొత్త అసెంబ్లీ కట్టాలని 2019 జూన్‌లో కేబినెట్ నిర్ణయించింది. నవాబ్ వారసులు, నగర పౌరులు కోర్టుకెళ్లారు. సెప్టెంబర్ 16న హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది.

వారసత్వ కట్టడాల జాబితాకు ఆధారమైన 'రెగ్యులేషన్ 13'ను ప్రభుత్వం 2015లోనే తీసేసింది. 2017లో వేరే హెరిటేజ్ చట్టం వచ్చింది. అయినా ఇర్రం మంజిల్‌కు రక్షణ పోలేదని కోర్టు తేల్చింది.

జాబితా ఒక్కటే చాలదు

నైజీరియాలోని లాగోస్‌లో ఇలోజో బార్ అనే భవనం ఉండేది. బ్రెజిల్‌లో బానిసత్వం నుంచి బయటపడి తిరిగొచ్చిన ఆఫ్రికన్లు తెచ్చిన కట్టుబడి శైలి దానిది. 1956లోనే జాతీయ స్మారకంగా ప్రకటించారు. అయినా 2016 సెప్టెంబర్‌లో కూల్చేశారు. కాగితం మీద రక్షణ ఉన్నా, కనిపెట్టుకుని ఉండేవాళ్లు లేకపోతే అంతే.

కుటుంబాలు ఏం చేయొచ్చు?

ఊళ్లో పాత కట్టడం ఉంటే తేదీతో ఫొటోలు తీసి పెట్టుకోవాలి. సర్వే నంబర్ రాసుకోవాలి. వక్ఫ్ ఆస్తి అయితే గెజిట్‌లో ఉందో లేదో చూసుకోవాలి. రికార్డులు ఆర్టీఐ కింద అడగొచ్చు. రోడ్డు వెడల్పు లాంటి నోటీసు వస్తే గడువులోపు అభ్యంతరం రాసిచ్చి, అందినట్టు రసీదు తీసుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యం సమయం. ఇర్రం మంజిల్ కేసులో కోర్టు తీర్పు వచ్చేనాటికి గోడలు నిలబడే ఉన్నాయి. బుల్డోజర్ పని అయిపోయాక ఎంత మంచి తీర్పు వచ్చినా పాత గోడ తిరిగి రాదు.