పిడికెడు బియ్యంలో ఒక ఊరు

హౌరా నుండి నాగపూర్ మీదుగా ముంబయి పోయే రైలుమార్గంలో, బిలాస్‌పూర్, రాయపూర్‌ల నడుమ తిల్దా అనే స్టేషన్ ఉంది. ఛత్తీస్‌గఢ్‌లో రాయపూర్ జిల్లాకు చెందిన ఈ ఊరు బియ్యపు మిల్లులకు పేరుపొందింది. అటువంటి చోట ధాన్యాన్ని బస్తాలలో లెక్కిస్తారు. ఒక్క గింజను వేరుగా పట్టి చూచే తీరిక ఎవరికీ ఉండదు. ఆ ఒక్క గింజనే చూడడం నేర్పే కళ ఒకటి ఈనాడు లోకమంతటా అభిమానులను సంపాదించుకొన్నది. అంగుళం ఎత్తయినా లేని మనుష్యుల బొమ్మలను తినుబండారాల నడుమ నిలిపి, ఒక దృశ్యం కల్పించి, ఫోటో తీయడమే ఆ కళ.

ఈ చిట్టి మనుష్యులు పుట్టినది రైళ్ల ముచ్చట నుండే. నమూనా రైళ్లను నడిపించి ఆనందించేవారి కోసం ప్రయాణికులను, కూలీలను, గార్డులను తయారుచేసిన సంస్థలలో జర్మనీకి చెందిన ప్రైజర్ ప్రసిద్ధమైనది. విరివిగా వాడే కొలత అసలులో 87వ వంతు. అనగా ఐదడుగుల ఎనిమిదంగుళాల మనిషి రెండు సెంటీమీటర్లకు దిగుతాడు. ఆరు మిల్లీమీటర్ల బియ్యపు గింజను పక్కన నిలబెడితే అతని మోకాలి దాకా వస్తుంది. మనకు పిడికెడైన బియ్యం అతనికి తల దాటిన రాశి.

పారిస్‌లో అకికో ఇదా, పియేర్ జావెల్ అనే జంట 2002 నుండి ఈ మార్గంలో కృషి చేశారు. అమెరికాలో క్రిస్టఫర్ బోఫోలీ తీసిన చిత్రాలు 2013లో గ్రంథంగా వెలువడ్డాయి. జపాన్‌కు చెందిన తనాకా తత్సుయా 2011 ఏప్రిల్‌లో దినమునకొక చిత్రం చొప్పున ప్రారంభించాడు. అతని చేతిలో బ్రోకలీ పువ్వు మహావృక్షమవుతుంది.

ఈ ఊహ తెలుగువారికి కొత్త కాదు. బొమ్మల కొలువులో పళ్లెం నిండా మట్టి పోసి, రాగులో మెంతులో ఆవాలో చల్లి, మొలకలెత్తించి పచ్చని పొలం చేస్తారు. అద్దం ముక్క చెరువవుతుంది. కొండపల్లి రైతు, ఎడ్లబండి ఆ గట్టున నిలుస్తాయి. తెల్లపొణికి కర్రతో చెక్కే ఆ బొమ్మల అవయవాలను అతికే ముద్దలో సైతం చింతగింజల పిండి ఉంటుంది. లోపించినది కెమెరా ఒక్కటే.

కెమెరా వచ్చిన తరువాత కష్టం వేరు. లెన్స్ వస్తువుకు దగ్గరైన కొద్దీ స్పష్టంగా కనిపించే మేర కుంచించుకుపోయి కొన్ని మిల్లీమీటర్లకు దిగుతుంది. బొమ్మ ముఖం తేటగా వస్తే వెనుక గుట్ట మసకబారుతుంది. అందుకే లెన్స్ రంధ్రాన్ని చిన్నది చేసి, కెమెరాను ముక్కాలిపీటపై కదలకుండా నిలిపి, ఎక్కువసేపు వెలుతురు సోకనిస్తారు. కొందరు ఫోకస్ కొద్దికొద్దిగా మార్చుతూ అనేక ఫోటోలు తీసి ఒకటిగా కూర్చుతారు. కెమెరాను బొమ్మ కంటి ఎత్తుకు దించడం అన్నిటికంటె ముఖ్యం. పైనుండి చూస్తే అది ఆటవస్తువు. ఎదురుగా చూస్తే మనిషి. వెలుగు ఒక పక్కనుండి వస్తే గింజ గింజకు నీడ ఏర్పడి గుట్టకు గాంభీర్యం వస్తుంది.

ఇంతకూ అన్నంతో ఆటలాడవచ్చునా? పరబ్రహ్మ స్వరూపమని చెప్పుకొనే అన్నాన్ని చిత్రం కోసం పారవేయడం మన మనస్సుకు ఒప్పదు. ఛత్తీస్‌గఢ్‌లో పుష్య పూర్ణిమనాడు చేర్‌చేరా పండుగ జరుపుతారు. ఆనాడు పిల్లలు ఇంటింటికీ వెళ్లి కొత్త ధాన్యం అడుగుతారు. గృహస్థులు చేటలో తెచ్చి పోస్తారు. ధాన్యాన్ని ఇలా పంచుకొనే నేలపై దానిని చెత్తబుట్టలో పోయడం కళ అనిపించుకోదు.

ఉపాయం లేకపోలేదు. జిగురు, వార్నిషు అంటనీయక, శుభ్రమైన పళ్లెంలో పప్పుదినుసులను, బియ్యాన్ని పేర్చితే, పని ముగిసినాక కడిగి వండుకోవచ్చును. బొమ్మలను మాత్రం ముందు లెక్కపెట్టి పెట్టాలి, పిదప లెక్కపెట్టి తీయాలి. రెండు సెంటీమీటర్ల బొమ్మ అన్నంలో కలిసిందా, పసిబిడ్డ గొంతుకు అడ్డుపడగలదు.

ఆ లెక్క సరిపోయిన తరువాత బియ్యం ఎసట్లోకి పోవచ్చును. చిత్రంలో కొండయై నిలిచిన ఆ పిడికెడు గింజలే ఆ పూట ఒక ముద్ద అన్నమవుతాయి.